మూడు సిస్టమ్‌లు, ఇరవై ఏళ్ల వేళ్ల అలవాటు: ఒక డీటీపీ సెంటర్ లినక్స్‌కి మారిన కేసు

నేపథ్యం

మండల కేంద్రంలో బస్టాండు పక్కన జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తులు చేసే చిన్న సెంటర్ ఇది. ఊరు, మనుషులు, ప్రింటర్ మోడళ్లు ఇక్కడ రాయడం లేదు. కేసు అర్థం కావడానికి అవి అక్కర్లేదు. పనిచేసేది ముగ్గురు: యజమాని, కౌంటర్ దగ్గర కూర్చునే కుర్రాడు, ఇరవై ఏళ్లుగా తెలుగు టైప్ చేస్తున్న ఆపరేటర్ మేడమ్. సిస్టమ్‌లు కూడా మూడే. వాటిని కౌంటర్ సిస్టమ్, డీటీపీ సిస్టమ్, లోపలి సిస్టమ్ అందాం. మూడూ నాలుగో తరం కోర్ ఐ3లు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. వీటికి తోడు ఒక పాత నలుపు-తెలుపు లేజర్ ప్రింటర్, వైఫై ఉన్న ఒక ఇంక్ ట్యాంక్ ప్రింటర్, ఒక వేలిముద్రల పరికరం.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమైనా ఉండాలంటుంది. ఈ మూడింటిలో ఒక్కటీ ఆ గీత దాటదు. మూడు కొత్త సిస్టమ్‌లకు షాపువాళ్లు చెప్పిన ధర లక్ష దాటింది.

వచ్చిన సమస్య

సిస్టమ్‌లు మార్చడానికి పిలిచిన మమ్మల్ని యజమాని అడిగింది ఒక్క ముక్కలో: "మూడింటికీ లినక్స్ వేసేయండి, ఫ్రీ కదా." లినక్స్ అంటే విండోస్‌కు బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. అసలు బాధ వేరని కాసేపు మాట్లాడాక తెలిసింది. రోజుకు పాతిక ముప్ఫై పెన్‌డ్రైవ్‌లు కౌంటర్ మీదికి వస్తాయి. వాటిలో సగానికి షార్ట్‌కట్ వైరస్. ఫోల్డర్లు మాయమై, అదే పేరుతో షార్ట్‌కట్ కనిపిస్తుంది, దాన్ని నొక్కగానే సిస్టమ్‌లోకి దిగుతుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కస్టమర్ పెన్‌డ్రైవ్‌కూ అంటుతుంది. రెండు నెలలకోసారి ఫార్మాట్ కొట్టించడం, కొట్టించిన ప్రతిసారీ ప్రింటర్ డ్రైవర్లు, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయించడం. ఖర్చు కంటే ఆ పోయే రోజే వాళ్లను ఎక్కువ విసిగించింది.

ఈ ఒక్క బాధ వరకే అయితే లినక్స్ చక్కటి జవాబు. అక్కడ ఆ షార్ట్‌కట్ ఫైల్ ఊరికే ఒక ఫైల్, నొక్కినా ఏదీ నడవదు. వైరస్ దాచిన ఫోల్డర్లు కూడా మామూలుగానే కనిపిస్తాయి, ఎందుకంటే పెన్‌డ్రైవ్ మీద విండోస్ పెట్టే "హిడెన్" గుర్తును లినక్స్ ఫైల్ మేనేజర్ పట్టించుకోదు. కానీ సెంటర్‌లో పెన్‌డ్రైవ్ తెరవడం ఒక్కటే పని కాదు కదా. అందుకని వెంటనే ఇన్‌స్టాల్ చేయకుండా ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఆరు రోజులు ప్రతి పనినీ ఒక్కో గీతగా రాయమన్నాం. కంప్యూటర్‌తో సంబంధం లేని జిరాక్స్‌లు మాత్రం వదిలేయమన్నాం.

ఆరు రోజుల్లో 438 పనులు తేలాయి. ఆన్‌లైన్ దరఖాస్తులు, వాటి ప్రింట్లు 201. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన ఫైళ్ల ప్రింట్లు 118. పాస్‌పోర్టు సైజు ఫొటోలు 46. కొత్తగా చేసే టైపింగ్ 37. పాత ఫైళ్లలో కరెక్షన్లు 21. వేలిముద్ర పనులు 15. మొదటి మూడు రకాలకూ బ్రౌజర్, ప్రింటర్, ఫొటో కత్తిరించే సాధనం ఉంటే చాలు. చిక్కంతా చివరి మూడింటిలో, అంటే 73 పనుల్లో ఉంది. సంఖ్యలో ఆరో వంతే అయినా శుభలేఖలు, కరపత్రాలు, పాత ఫైళ్ల కరెక్షన్ల మీద వచ్చే డబ్బు రెండు రూపాయల ప్రింట్ల మీద రాదు. యజమాని "సగం పని పాత ఫైళ్లదే" అనడం గీతల లెక్కలో తప్పు, గల్లాపెట్టె లెక్కలో తప్పు కాదు. ఏ సిస్టమ్‌ను ముందు మార్చాలన్నది ఈ పుస్తకం చూశాకే నిర్ణయమైంది: కౌంటర్ సిస్టమ్ ముందు, డీటీపీ సిస్టమ్ తర్వాత, లోపలి సిస్టమ్ సంగతి చివర్న.

మొదటి ప్రయత్నం: రెండూ ఒకే డిస్కులో

ఇక్కడ ఒక తప్పు జరిగింది. అలవాటు పడేదాకా విండోస్ కూడా పక్కనే ఉంటే ధైర్యంగా ఉంటుందని యజమాని పట్టుబడితే, కౌంటర్ సిస్టమ్‌లో విండోస్‌ను ఉంచి దాని పక్కనే లినక్స్‌లో ఒక రకమైన మింట్ 22ను ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌తో వేశాం. మింట్ 22కి అడుగున ఉన్నది ఉబుంటు 24.04 అనే ఇంకో లినక్స్, అప్‌డేట్లు 2029 ఏప్రిల్ దాకా వస్తాయి. 4 జీబీ ర్యామ్ కాబట్టి సినమన్ అనే బరువైన డెస్క్‌టాప్ కాకుండా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎంచుకున్నాం. బూట్ అయ్యాక 800 ఎంబీ దగ్గర కూర్చుంటుంది, మిగతాది బ్రౌజర్‌కు దొరుకుతుంది.

తొమ్మిది రోజుల్లో మూడు రకాలుగా దెబ్బ తగిలింది. మొదటిది గడియారం. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉందనుకుంటుంది, లినక్స్ అక్కడ యూటీసీ, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం, రాస్తుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోయేది, బిల్లుల మీద పొద్దున 11కి బదులు 5:30 పడేది. లినక్స్‌ను కూడా స్థానిక సమయమే రాయమని ఒక్క కమాండ్‌తో చెప్పవచ్చు. చెప్పాం, అది తీరింది.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 10 షట్‌డౌన్ అయినట్టు కనిపిస్తుంది గానీ నిజానికి సగం నిద్రలో ఉంటుంది. డీ డ్రైవ్‌ను మూయకుండానే వదిలేస్తుంది. లినక్స్ దాన్ని చూసి, రాస్తే డేటా పాడవుతుందని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. కస్టమర్ ముందు నిలబడి ఉండగా "సేవ్ కావట్లేదు" అన్న ఫోన్లు నాలుగు వచ్చాయి. పవర్ ఆప్షన్లలో దాన్ని ఆపేశాం. తర్వాత చూస్తే అది మళ్లీ ఆన్ అయి కూర్చుంది.

మూడోది మనుషులది, దానికి కమాండ్ లేదు. బూట్ మెనూలో రెండు పేర్లు కనిపిస్తుంటే, తొందరలో ఉన్న కుర్రాడు ప్రతిసారీ తెలిసినదాన్నే నొక్కాడు. తొమ్మిది రోజుల్లో లినక్స్ నడిచింది రెండు పూటలు. వైరస్ ఎప్పటిలాగే వచ్చింది. నేర్చుకోవడానికి పెట్టిన వెసులుబాటే నేర్చుకోకుండా చేసింది.

దారి మార్చాం. ఒక్కో సిస్టమ్‌కు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని, లోపలి సిస్టమ్ తప్ప మిగతా రెండింటికీ లినక్స్‌ను దానిలో వేశాం. పాత హార్డ్ డిస్కును విప్పి, కవర్లో పెట్టి, మీద తేదీ రాసి బీరువాలో పెట్టాం, 60 రోజులు ముట్టుకోవద్దన్నాం. వెనక్కి వెళ్లే దారి అలాగే ఉంది, కాకపోతే దానికి స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. బూట్ మెనూలో ఒక మీట నొక్కడానికీ, కేబినెట్ విప్పడానికీ మధ్య ఉన్న బద్ధకం మన వైపు పనిచేస్తుంది.

డిస్కు విప్పేముందు స్మార్ట్ రీడింగ్, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, చూడడం ఎప్పుడూ మంచిది. లోపలి సిస్టమ్ డిస్కులో చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు 24 కనిపించాయి. అలాంటి డిస్కు మీద మామూలు కాపీ పెడితే పాడైన చోటే పదేపదే తల బాదుకుని ఉన్న ప్రాణం కూడా పోగొట్టుకుంటుంది. పాడైన డిస్కుల నుంచి డేటా తీసే జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొదటి విడతలో బాగున్న భాగాలన్నీ తీసి, పాడైన చోట్లను మ్యాప్ ఫైల్‌లో గుర్తు పెట్టించి, రెండో విడతలో వాటిని మాత్రం మూడేసి సార్లు ప్రయత్నించాం. పోయినవి రెండు ఫైళ్లు, రెండూ ఎవరిదో పాత రేషన్ కార్డు స్కాన్లు. ఆ రీడింగ్ చూడకుండా "విండోస్ ఉన్నది ఉన్నట్టు ఉంచుదాం" అనుకుని ఉంటే ఇరవై ఏళ్ల శుభలేఖల ఫైళ్లు ఆ డిస్కుతోనే పోయేవి.

ప్రింటర్లు, ఫొటోలు

ఇంక్ ట్యాంక్ ప్రింటర్ వైఫై మీద దానంతటదే కనిపించింది. ఈ రోజుల్లో నెట్‌వర్క్ ప్రింటర్లలో చాలావాటికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు, స్కానింగ్ కూడా అదే దారిలో వస్తుంది. పాత లేజర్ అలా కాదు. ఇది సొంత బుర్ర లేని రకం. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటర్‌దే, పైగా దాన్ని నడిపే లోపలి ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్, కూడా దానిలో నిలవదు, స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఎక్కాలి. లినక్స్‌లో డ్రైవర్ ఉంది. కానీ ఫర్మ్‌వేర్ ఎక్కించే ప్లగిన్‌ను తయారీదారు విడిగా ఇస్తాడు, అది డ్రైవర్ వెర్షన్‌తో అంకె అంకె కలవాలి.

మొదటి నెల బాగా నడిచింది. ఒక రోజు అప్‌డేట్ల తర్వాత పచ్చ లైటు వెలిగి, క్యూలో పని కనిపించి, కాగితం మాత్రం కదల్లేదు. డ్రైవర్ కొత్తదైంది, ప్లగిన్ పాతదే ఉండిపోయింది. ప్లగిన్ మళ్లీ వేస్తే పది నిమిషాల్లో తీరింది. మళ్లీ రాకుండా అప్‌డేట్ మేనేజర్‌లో ఆ ఒక్క డ్రైవర్‌ను పక్కన పెట్టించాం. అప్‌డేట్లు ఆపడం మంచి అలవాటు కాదు. అయినా జనం నిలబడి ఉండే కౌంటర్‌లో ప్రింటర్ ఆగడం అంతకంటే చెడ్డది. ఏది ఆపామో, ఎందుకు ఆపామో ఒక చీటీ మీద రాసి ప్రింటర్ పక్కన గోడకు అంటించాం. ఆర్నెల్లకోసారి ఆ చీటీ చూసి డ్రైవర్, ప్లగిన్ రెండూ కలిపి మార్చాలి.

పాస్‌పోర్టు ఫొటోలు తేలిక అనుకున్నాం, తొలి షీటే తప్పు వచ్చింది. లెక్క ఇది: 35 × 45 మిల్లీమీటర్ల ఫొటో 300 డీపీఐలో 413 × 531 పిక్సెళ్లు. 4 × 6 అంగుళాల కాగితం 1200 × 1800. పొడుగు వైపు నాలుగు, వెడల్పు వైపు రెండు, మొత్తం ఎనిమిది పడతాయి. కుర్రాడు ఫొటో మీద రైట్ క్లిక్ చేసి "8 ఫొటోలు" అంటే షీటు తయారయ్యేలా, ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మల సాధనంతో చిన్న స్క్రిప్టు రాసి, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఫైల్ మేనేజర్ థూనార్‌లో కస్టమ్ యాక్షన్‌గా పెట్టాం. ప్రింటు తీసి స్కేలు పెట్టి కొలిస్తే వెడల్పు 33 మిల్లీమీటర్లే ఉంది. ప్రింట్ డైలాగ్‌లో "పేజీకి సరిపెట్టు" ఆన్‌లో ఉంది. ప్రింటర్ తాకలేని అంచు ప్రతి వైపూ 3 మిల్లీమీటర్లు, షీటంతా ఆ లోపలికి కుంచించుకుపోయింది. స్కేల్‌ను 100 శాతానికి మారిస్తే ఈసారి చివరి ఫొటోల పక్క అంచులు అర మిల్లీమీటరు తెగాయి. ఎందుకంటే మిగిలిన 148 పిక్సెళ్లను స్క్రిప్టు ఐదు ఖాళీలకు సమానంగా పంచింది, ఒక్కోటి రెండున్నర మిల్లీమీటర్లే అయింది. ఫొటోల మధ్య ఖాళీ 20 పిక్సెళ్లకు తగ్గించి, మిగిలిన 88ని రెండు అంచులకూ చెరి 44 ఇచ్చాక, అంటే 3.7 మిల్లీమీటర్లు అయ్యాక, కుదిరింది. కాగితం మీద స్కేలు పెట్టి కొలవకుండా ఇలాంటి పని అప్పగించకూడదు.

వేలిముద్ర పరికరం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. దానికి కావలసిన ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాం విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కు దొరికింది. ఓటీజీ కేబుల్‌తో ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌కు తగిలించి, ఆ పనులన్నీ ఫోన్‌కు మార్చాం. రోజుకు రెండు మూడు పనులకు అది చాలు.

అసలు చిక్కు: తెలుగు

డీటీపీ సిస్టమ్‌కు ర్యామ్ 8 జీబీ చేసి మింట్ సినమన్ వేయడానికి రెండు గంటలు పట్టింది. ఆపరేటర్ మేడమ్ మామూలుగా పనిచేయడానికి పట్టింది ఐదు వారాలు.

ఇప్పటిదాకా ఆమె టైప్ చేసింది పేజీలు కట్టే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో. ఆ తరం ఫాంట్లన్నీ ఒకే ఉపాయం మీద నడుస్తాయి. లాటిన్ అక్షరాలకు కేటాయించిన గదుల్లో తెలుగు అక్షరాల ముక్కలను పెడతాయి: ఒక గదిలో తలకట్టు, ఒకదానిలో గుడి, మరోదానిలో ర వత్తు. ఫైల్‌లో ఉండేది ఆ గదుల నంబర్లే, తెలుగు కాదు. ఫాంటు ఉన్నచోట అది "శ్రీరస్తు శుభమస్తు", ఫాంటు లేనిచోట గుర్తులు మోసే లాటిన్ అక్షరాల ముద్ద. అన్ని భాషల అక్షరాలకూ సొంత నంబర్లిచ్చే నేటి ప్రమాణం యూనికోడ్. దానిలో "శ్రీ" అంటే శ, పొల్లు, ర, దీర్ఘగుడి, ఈ వరుసలో నాలుగు కోడ్‌లు. కళ్లకు కనిపించే వరుస ఒకటి, పలికే వరుస ఇంకొకటి. పాతది మొదటిదాన్ని దాచుకుంటుంది, యూనికోడ్ రెండోదాన్ని.

ముందు తేలిక దారులు చూశాం. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ మీద పేజ్‌మేకర్ తెరుచుకుంది, తెలుగు టైపింగ్ మాత్రం కుదరలేదు. ఆ రకం టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్ లోపల కూర్చుని ప్రతి మీటనూ దారిలో పట్టుకుంటుంది. వైన్ లోపల ఆ పట్టు నమ్మకంగా అందదు, వైన్ బయట ఉన్న లినక్స్ ప్రోగ్రాములకైతే అసలే అందదు. లినక్స్ లోపలే విండోస్‌ను నడిపే వర్చువల్ మెషీన్ ఆలోచన లైసెన్సు దగ్గరే ఆగింది. సిస్టమ్‌తో పాటు వచ్చిన విండోస్ ఆ సిస్టమ్‌కే, దాన్ని ఇంకోచోట వర్చువల్‌గా వేసుకునే హక్కు ఉండదు. లిబ్రేఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లు కొన్నింటిని తెరుస్తుంది. పెట్టెలు, గీతలు ఒక మాదిరిగా వచ్చాయి, అక్షరాలు ముద్దగానే ఉన్నాయి.

కన్వర్టర్లు? ఉన్నాయి, పనిచేస్తాయి. కానీ ర వత్తు ముక్క ఏ హల్లుదో ఊహించాల్సిన చోట తప్పుతాయి, పక్క హల్లుకు అతికిస్తాయి. ఒక పేజీ మార్చి ప్రూఫ్ చూసి దిద్దడానికి 20 నిమిషాలు పడితే, అదే పేజీని మేడమ్ పాత పద్ధతిలో కొత్తగా కొట్టడానికి 14 నిమిషాలు చాలు. 60 పేజీల సావనీరుకు కన్వర్టర్ లాభం, ఎందుకంటే అక్కడ ప్రూఫ్ ఎలాగూ ఇంకొకరు చూస్తారు. ఒక పేజీ శుభలేఖకు నష్టం. అందుకే పాత ఫైళ్లను మూకుమ్మడిగా మార్చే ఆలోచన మానేసి ఒక నియమం పెట్టుకున్నాం. పాత ఫైల్‌లో రెండు మూడు లైన్ల కరెక్షన్ అయితే విండోస్ మిగిలిన లోపలి సిస్టమ్‌లో చేయాలి. అదే ఫైల్ రెండోసారి వస్తే యూనికోడ్‌లో కొత్తగా కొట్టి, పాతదాన్ని "మారింది" అనే ఫోల్డర్‌లోకి నెట్టాలి.

ఇక టైపింగ్. మొదట మింట్‌లో సిద్ధంగా ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ పెట్టాం. అది ప్రభుత్వ ప్రమాణం, ఒకసారి నేర్చుకుంటే ఎక్కడైనా ఉంటుంది, వాదన సబబుగానే ఉంది. మొదటి పూట చివర్లో మేడమ్ అన్న మాట: "కీబోర్డు చూసి కొట్టే అలవాటు నాకు లేదు సార్. అక్షరం ఎక్కడుందో నన్నడిగితే నేను చెప్పలేను, నా వేళ్లనడగాలి." ఆ రోజు ఒక పేజీకి 41 నిమిషాలు పట్టింది. యాభై ఏళ్ల మనిషికి కొత్త లేఅవుట్ నేర్పడం సాధ్యమే. కానీ పెళ్లిళ్ల సీజన్‌లో ఆ ఖర్చు సెంటర్ భరించలేదు. ఇన్‌స్క్రిప్ట్‌ను పక్కన పెట్టాం.

ఆమె వేళ్లకు తెలిసింది యాపిల్ అనే పేరున్న తెలుగు కీబోర్డు లేఅవుట్. లినక్స్‌లో ఎమ్17ఎన్ అనే టైపింగ్ పద్ధతుల గుత్తిలో తెలుగుకు యాపిల్, పోతన, సరళ, ఆర్‌టీఎస్ లాంటివి ఉన్నాయి. చాలామంది ఇక్కడిదాకా రారు, ఎందుకంటే కీబోర్డ్ లేఅవుట్ల పట్టికలో ఇవి కనిపించవు. ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్‌లో, ఈ పద్ధతులను నడిపే ఐబస్ ఎంచుకుని, ఐబస్-ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసి, లాగౌట్ అయి తిరిగి వచ్చాక ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద యాపిల్ చేర్చుకోవాలి. లాగౌట్ మరిచి "రావట్లేదు" అనుకోవడం మామూలు.

పేరు ఒకటే అయినా పాతదానికీ దీనికీ నూటికి నూరు పాళ్లు పోలిక లేదు. పాతది ముక్కలను అతికిస్తుంది, ఇది కోడ్‌ల వరుస కడుతుంది. ఒక పూట మేడమ్ పక్కన కూర్చుని, ఆమె వేలు తప్పిన ప్రతిసారీ ఏ మీట నొక్కింది, ఏం ఆశించింది, ఏం వచ్చింది అని మూడు గడులుగా రాశాం. 63 తప్పుల్లో 50 దాకా పదకొండు మీటల దగ్గరే. ఎమ్17ఎన్ లేఅవుట్ మామూలు టెక్స్ట్ ఫైలే. దాన్ని హోమ్ ఫోల్డర్‌లోని, చుక్కతో మొదలయ్యే ఎమ్17ఎన్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, లోపల లేఅవుట్ పేరు మార్చి, ఆ పదకొండు మీటలను ఆమె వేళ్లు కోరినట్టు తిప్పాం. పేరు మార్చడం ముఖ్యం, లేకపోతే ఏది అసలుది, ఏది మనం దిద్దినది తెలియదు. సిస్టమ్ ఫైల్‌ను నేరుగా దిద్దితే అప్‌డేట్ వచ్చినప్పుడు దిద్దుబాటంతా పోతుంది.

పన్నెండో మీట తర్వాత కలిసింది. "సాఫ్ట్‌వేర్" అని కొడితే వ కూడా వత్తుగా మారి "సాఫ్ట్వేర్" వస్తోంది. పాత పద్ధతిలో పొల్లు కొడితే పొల్లే పడేది, తర్వాతి అక్షరం దాని జోలికి పోయేది కాదు. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తు కింద లెక్క. కలవకూడదంటే మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, జెడ్‌డబ్ల్యూఎన్‌జే, పెట్టాలి. మేడమ్ మొదట మధ్యలో స్పేస్ కొట్టి, ఫాంటు సైజు తగ్గించి నెట్టుకొచ్చారు. చూడడానికి బాగానే ఉంది, లైను చివరికి వచ్చినప్పుడు పదం రెండుగా విరిగింది. వాడకంలో లేని ఒక మీటకు ఆ గుర్తును కట్టాం. ఇంగ్లిష్ పేర్లు లేని శుభలేఖ ఉండదు కనుక రోజూ పనికొచ్చే మీట అదే అయింది.

బ్యాక్‌స్పేస్ కూడా చికాకు పెట్టింది. లిబ్రేఆఫీస్‌లో అది అక్షరాన్ని మొత్తంగా కాక ఒక్కో కోడ్‌నే చెరుపుతుంది. "స్త్రీ" చెరపాలంటే ఆరు సార్లు నొక్కాలి. అది మార్చే వీలు లేదు. కర్సర్ అక్షరం ముందు పెట్టి డిలీట్ నొక్కితే మొత్తం ఒకేసారి పోతుందని చెప్పాం. పదో రోజుకు పేజీ 22 నిమిషాలకు వచ్చింది, ఐదో వారానికి 15కి.

పేజీ కట్టడానికి స్క్రైబస్. 1.4 వెర్షన్ కాలంలో దీనిలో తెలుగు విరిగిపోయేది, వత్తులు పక్కన విడిగా పడేవి. ఆ చేదు గుర్తున్నవాళ్లు ఇప్పటికీ "తెలుగుకు పనికిరాదు" అంటారు. 2024 జనవరిలో వచ్చిన 1.6లో సంయుక్తాక్షరాలు సరిగ్గా వస్తాయి, ఆఫ్‌సెట్‌కు కావలసిన నాలుగు సిరా రంగుల (సీఎంవైకే) పీడీఎఫ్ కూడా ఇదే ఇస్తుంది. ఫాంట్లకు కరువు లేదు: సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మల్లన్న, సురన్న, రామభద్ర, ధూర్జటి, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. శుభలేఖ శీర్షికకు రామభద్ర, లోపలి మాటలకు మండలి మేడమ్‌కు నచ్చాయి. పాత ఫాంట్లలో ఉన్నన్ని వంపుల రకాలు ఇంకా లేవన్నది నిజం, కస్టమర్లు కొందరు గుర్తుపట్టారు కూడా.

ప్రెస్సుకు పంపిన తొలి పీడీఎఫ్ తిరిగొచ్చింది. అక్కడి పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే వత్తులు కింద కాక పక్కన పడ్డాయి. ఫాంటు పీడీఎఫ్‌లోనే ఉన్నా, వాళ్లు దాన్ని దిద్దడానికి తెరిచినప్పుడు వాళ్ల ప్రోగ్రాం తెలుగును మళ్లీ పేర్చబోయింది. స్క్రైబస్‌లో పీడీఎఫ్ ఎగుమతి చేసేటప్పుడు ఫాంట్ల ట్యాబులో అన్నింటినీ అవుట్‌లైన్లుగా మార్చమంటే అక్షరాలు బొమ్మలైపోతాయి, ఇక ఎవరూ పేర్చలేరు. ప్రెస్సువాళ్లు అక్షరం దిద్దలేరు కాబట్టి కరెక్షన్లన్నీ ముందే ముగించాలి. ఫ్లెక్సీ షాపుకు కూడా ఇదే పద్ధతి నడిచింది.

మిగిలినవి

మూడు నెలల తర్వాత పాత డిస్కుల్లో రెండింటిని కవర్లలోంచి తీసి, చెరిపి, బ్యాకప్‌కు వాడుతున్నారు. కౌంటర్‌లో వైరస్ గొడవ లేదు. అయితే లినక్స్ దాన్ని చంపదు, మోస్తుంది. కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది అలాగే ఇంకో చోటికి పోతుంది. అందుకని షార్ట్‌కట్ ఫైళ్లు కనిపిస్తే చెరిపి ఇవ్వడం కుర్రాడు అలవాటు చేసుకున్నాడు, కొందరు దానికోసమే వస్తున్నారట. టైమ్‌షిఫ్ట్ అనే సాధనం వారానికోసారి సిస్టమ్ ఫొటో తీస్తుంది. అది హోమ్ ఫోల్డర్‌ను తీయదని, కస్టమర్ల ఫైళ్లకు వేరే బ్యాకప్ కావాలని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మళ్లీ ఇలాంటి సెంటర్ కేసు వస్తే ఒకే డిస్కులో రెండూ ఉంచే డ్యూయల్ బూట్ జోలికి పోము, నోటుపుస్తకం ఆరు రోజులు కాక పన్నెండు రోజులు పెడతాం. ఆపరేటర్ కీబోర్డు లేఅవుట్ పేరును మొదటి రోజే అడుగుతాం. ఈ కేసులో అది మూడో వారంలో తెలిసింది. ముందే తెలిసుంటే ఇన్‌స్క్రిప్ట్ మీద పోయిన పూటలు మిగిలేవి. నోటుపుస్తకంలో ఇంకో గడి కూడా ఉండాల్సింది: ఈ కాగితం ఏ ఆఫీసుకు వెళ్తుంది అని. ఎందుకంటే ఒక్క పనికి ఇప్పటికీ దారి దొరకలేదు.

డిజిటల్ సంతకం ఉన్న సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లో సంతకం చోట పసుపు ప్రశ్నార్థకం ఉంటుంది. విండోస్‌లో అడోబీ రీడర్‌తో తెరిచి వ్యాలిడేట్ చేస్తే అక్కడ ఆకుపచ్చ టిక్ వస్తుంది, జనం దాన్నే ప్రింట్ తీసుకుపోతారు. లినక్స్‌కు అడోబీ రీడర్ 2013తోనే ఆగిపోయింది. లినక్స్‌లోని పీడీఎఫ్ ప్రోగ్రాం ఒక్యులర్ సంతకాన్ని సరిచూసి, సరైనదో కాదో పక్క పట్టీలో చెబుతుంది, కాగితం మీద టిక్ మాత్రం గీయదు. సాంకేతికంగా ఆ టిక్ ప్రింట్‌కు విలువేమీ లేదు, దాన్ని ఎవరైనా పెయింట్‌లో గీయగలరు. అయినా టేబుల్‌కు అవతల ఉన్న గుమాస్తా "టిక్ లేదు" అని వెనక్కి పంపితే తిరిగి వచ్చేది సెంటర్‌కే.

అందుకే లోపలి సిస్టమ్‌లో విండోస్ 10 ఉండిపోయింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల సింక్ ఆన్ చేసి, రుసుము లేకుండా పొడిగింపు అప్‌డేట్లలో చేర్చాం. పాత కరెక్షన్లు, టిక్ ప్రింట్లు రెండూ దాని మీదే. కస్టమర్ పెన్‌డ్రైవ్ దానికి తగలకుండా ముందరి యూఎస్‌బీ తీగలను మదర్‌బోర్డు నుంచి ఊడదీశాం. ఫైళ్లు కౌంటర్ సిస్టమ్‌లోని షేర్డ్ ఫోల్డర్ ద్వారానే వెళ్తాయి. ఆ పొడిగింపు 2026 అక్టోబరు 13 దాకా. ఈలోగా "మారింది" ఫోల్డర్‌లోకి చేరిన పాత ఫైళ్లు 118, చేరాల్సినవి ఎన్నో నెలనెలా లెక్క వేస్తున్నారు.